ఆక్స్‌ఫర్డు గడప దాటిన ఆంగ్ల సాహిత్యము

షేక్‌స్పియరు, మిల్టనులు పుట్టిన దేశమున వారి కృతులనే ప్రధానవిషయముగా చదివి ఆనర్సు పట్టము పొందుటకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు 1894 వరకును అవకాశమే లేకుండెననిన, ఇంగ్లీషు బి.ఏ. అనాదిగా నున్నదని తలచు మనవారికి వింతగా తోచును. గ్రీకు లాటిను వాఙ్మయములకు, గణితమునకు, న్యాయశాస్త్రమునకు, చరిత్రకు వేర్వేరు పరీక్షాశాఖ లేర్పడిన పిదపగూడ, మాతృభాషలోని కావ్యములు తీరికవేళల నింట చదువుకొనదగినవే కాని గురుముఖమున నభ్యసింపదగినవి కావని అచ్చటి పెద్దలు పట్టుబట్టిరి.

ఆ కావ్యములే అంతకు చాల ముందు మనదేశమున పాఠ్యగ్రంథములైనవి. కలకత్తాలో 1817లో వెలసిన హిందూ కళాశాలయందు 1826 నుండి డెరోజియో అను యువకవి ఆంగ్లసాహిత్యమును బోధించెను. ఆ తరువాతనే లండనులో 1828లో తలుపులు తెరచిన నూతన కళాశాలలో థామస్ డేల్ అను మతాచార్యుడు ఆంగ్లభాషాసాహిత్యముల ఆచార్యపీఠము నధిష్ఠించెను. 1854లో మెకాలే ప్రభృతుల సంఘము ఇండియా సివిలు సర్వీసు పోటీపరీక్షకు సూచించిన 6,875 మార్కులలో ఆంగ్లభాషాసాహిత్యచరిత్రలకు 1,500, గ్రీకు లాటినులకు చెరి 750 కేటాయించి, సంస్కృతమునకు 375తో సరిపుచ్చెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము నెలకొన్నది మొదలు, పట్టభద్రుడు కాగోరిన ఆంధ్రయువకుడు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కక తప్పినది కాదు. పాలితులకు విధిగా నేర్పిన విద్యకు పాలకుల ప్రాచీన విద్యాపీఠమున తావు దొరకకపోవుట ఆ శతాబ్దపు చరిత్రలో మిక్కిలి గమనింపదగిన సంగతియని నా అభిప్రాయము.

ఆక్స్‌ఫర్డులో 1885లో ఆంగ్లభాషాసాహిత్యములకు మెర్టను ఆచార్యపదవి యొకటి ఏర్పడగా, సాహిత్యవిమర్శకుడెవ్వడో దాని నలంకరించునని ఎదురుచూచినవారికి ఆశాభంగమే మిగిలెను. గోటింగెనులో భాషాశాస్త్రము బోధించి వచ్చిన ఆర్థర్ నేపియరు కది దక్కెను. ఆ పదవి నాశించి పొందలేకపోయిన చర్టన్ కాలిన్సు పత్రికాముఖమున ఆందోళన లేవదీసి, ఆంగ్లకావ్యములను గ్రీకు లాటిను కావ్యములతో జతగూర్చి బోధింపవలెనని వాదించెను. ఎదిరిపక్షమున నిలిచినవాడు చరిత్రాచార్యుడు ఫ్రీమన్. రసాస్వాదమును పరీక్షించుటెట్లు, అభిరుచికి మార్కులు వేయుటెట్లు, కవుల జీవితములనుగూర్చిన కబుర్లను విద్యగా నెంచుటెట్లు అని 1887లో ఆయన వేసిన ప్రశ్న మొరటుదే కాని అర్థరహితము కాదు. సాహిత్యమును ప్రేమించువారు దానికి నేటికిని పూర్తిగా సమాధానము చెప్పలేకున్నారు.

ఆ ప్రశ్నకు 1894లో దొరకిన సమాధానమొక రాజీ. ఆంగ్లమునకు ఆనర్సు శాఖ నొసగిరి కాని, అది సుఖవిద్య కారాదని, ప్రాచీనాంగ్లమును భాషాచరిత్రను దాని ప్రవేశశుల్కముగా విధించిరి. షెల్లీ గీతముల మీది మక్కువతో వచ్చిన విద్యార్థి మొట్టమొదట బేవుల్ఫ్ కావ్యమును ఎదుర్కొనవలసివచ్చెను. 3,182 పాదముల ఆ వీరకావ్యము ఒకేయొక చర్మపత్రపు వ్రాతప్రతిలో మిగిలియుండగా, 1731లో గ్రంథాలయమున రేగిన మంటలలో దాని యంచులు మాడి, పిదప ముట్టుకొన్నచోట్లనెల్ల అక్షరములు రాలిపోయినవి. ప్రతి పాదమును నడుమ విరిగి రెండు ఖండములగును. మొదటి ఖండములోని ఊనికగల యక్షరమునకు రెండవ ఖండములోని యక్షరముతో మైత్రి కుదిరి తీరవలెను. యతిమైత్రి తెలిసిన తెలుగు పాఠకుడు ఈ నియమమును అంత్యప్రాసలకు మాత్రమే అలవాటుపడిన ఆంగ్లయువకునికంటె త్వరగా గ్రహింపగలడు. పరీక్షలో నిట్టి పాదములనిచ్చి, అనువదింపుమనియు, రూపసిద్ధి చెప్పుమనియు, అక్షరపరిణామమును నిరూపింపుమనియు అడిగెడివారు. ఒప్పు తప్పు తేల్చుటకు వీలైన ప్రశ్నలు గావున ఫ్రీమన్ పక్షమువారికి కొంత శాంతి కలిగెను.

1904లో సాహిత్యాచార్యుడై వచ్చిన వాల్టర్ రాలీ పూర్వము 1885 మొదలు రెండేండ్లు అలీగఢు కళాశాలలో మన విద్యార్థులకే ఆంగ్లసాహిత్యము బోధించినవాడు. ఈ శాఖలో చేరి పరీక్ష నెగ్గిన స్త్రీలకు 1920 వరకు పట్టమే ఈయకపోవుట అన్యాయమని వేరుగ చెప్పనక్కరలేదు.

1925లో ఆంగ్లో-శాక్సను ఆచార్యుడైన టాల్కిన్, ఆయన మిత్రుడు సి.ఎస్. లూయిస్ కలసి నడిపిన ప్రయత్నము ఫలించి, 1931లో పాఠ్యప్రణాళిక మారెను. ప్రాచీనభాగము బలపడినది, నిర్బంధ సాహిత్యపఠనము 1830 వద్ద నిలిచిపోయినది. ప్రాచీనభాషాధ్యయనము విద్యార్థికి క్రమశిక్షణ నిచ్చుననుట సత్యమే కాని, డికెన్సును, టెన్నిసను ఇష్టమున్న చదువవచ్చునని వెలుపల నిలుపుట మాత్రము నాకు సమ్మతము కాదు. కేంబ్రిడ్జిలో మార్గము వేరు: 1917లో ఏర్పడిన ఆంగ్లశాఖలో ప్రాచీనాంగ్లము నిర్బంధముగా నుండవలదని ఆ భాషాచార్యుడు చాడ్విక్ స్వయముగా ఒప్పుకొనెను. అచ్చట ఐ.ఏ. రిచర్డ్సు కవిపేరు, కాలము తొలగించిన పద్యములను విద్యార్థుల చేతికిచ్చి, వారి యభిప్రాయములను వ్రాయించి, 1929లో గ్రంథముగా ప్రకటించెను. ప్రసిద్ధకవుల పద్యములను తీసిపారవేసినవారును, సామాన్యపద్యములను ఆకాశమున కెత్తినవారును అందు పెక్కుమంది కనబడిరి. అభిరుచిని పరీక్షించు ఉపాయమొకటి ఇట్లు పుట్టినది. పేరెరుగని పద్యమునిచ్చి వివరింపుమను ప్రశ్న మన విశ్వవిద్యాలయములకును వచ్చి చేరినది.

1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదట ఈ ఆంగ్లేయప్రణాళికల నీడలోనే నడచెను. అచ్చటి ఆంగ్లాచార్యుడు కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారు 1959లో లీడ్సు విశ్వవిద్యాలయమునకు వెళ్లి, భారతీయులు ఇంగ్లీషున వ్రాసిన కవిత్వమును, నవలలను విషయముగా గొని ఉపన్యసించెను. ఆ యుపన్యాసములను పెంచి వ్రాసిన బృహద్గ్రంథము 1962లో వెలువడగా, భారతీయుల ఆంగ్లరచన యను పాఠ్యభాగమును ఆనర్సు, ఎం.ఏ. తరగతులలో చేర్చుమని కోరువారికి ఆధారగ్రంథమొకటి చేతికందినది.