పాత టీవీ షోలు ఎవరి సొత్తు? అటక మీది క్యాసెట్‌ను యూట్యూబ్‌లో పెట్టొచ్చా? రూల్స్ ఇవే!

మీ ఇంట్లో అటక మీద పాత వీడియో క్యాసెట్లు ఉన్నాయా? వాటిలో ఒకప్పుడు టీవీలోంచి రికార్డు చేసుకున్న నాటకమో, పాటల ప్రోగ్రామో ఉంటే తేలిగ్గా తీసిపారేయొద్దు. ఛానల్ దగ్గర కూడా లేని కాపీ అదే కావచ్చు. అలాగని వెంటనే యూట్యూబ్‌లో పెట్టేయడమూ కుదరదు. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం లాంటి నెల్లూరు తీర ప్రాంతాల్లో మాత్రం ఆలస్యం చేసేకొద్దీ నష్టమే. సముద్రపు తేమకు టేపు త్వరగా పాడవుతుంది. ఇంతకీ హక్కులు ఎవరివి? టేపును ఎలా కాపాడుకోవాలి? వివరాలు చూద్దాం.

క్యాసెట్ మీదే.. ప్రోగ్రామ్ మాత్రం కాదు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం వీడియో ప్రోగ్రామ్ హక్కు సాధారణంగా నిర్మాతది. ఛానల్ డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే అది ఛానల్‌ది. ప్రోగ్రామ్ విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఈ హక్కు ఉంటుంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. ఆ ఏడాది ప్రోగ్రాములకూ 2037 చివరిదాకా రక్షణ ఉన్నట్టే. ఇది కాక, ప్రసారం మీద ఛానల్‌కు విడిగా 25 ఏళ్ల హక్కు ఉంటుంది.

హక్కు ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే షో మళ్లీ కనిపిస్తుందా లేదా అన్నది తేలుతుంది. 'అమృతం' సీరియల్ 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వచ్చింది. తీసింది గుణ్ణం గంగరాజుకు చెందిన జస్ట్ ఎల్లో సంస్థ. ఆ ఎపిసోడ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. 1987లో మొదలైన రామానంద్ సాగర్ 'రామాయణ్'ను 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో మళ్లీ వేయడానికి దూరదర్శన్ కూడా హక్కుదారులతో మాట్లాడుకోవాల్సి వచ్చింది.

పాటల షోలతో చిక్కు ఇంకాస్త ఎక్కువ. నెల్లూరు వాళ్లు 'మా బాలు' అని చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టారు. ఇలాంటి షోలలో పాడేవి సినిమా పాటలు. ప్రోగ్రామ్ ఒకరిది, అందులోని పాట ఇంకొకరిది. పాత ఎపిసోడ్ బయటికి రావాలంటే రెండు వైపులా లెక్క తేలాలి.

టేపులు ఎందుకు మాయమయ్యాయి?

టేపు ఖరీదైన రోజుల్లో పాతది చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్లు. బీబీసీ అంతటి సంస్థే 1960ల నాటి 'డాక్టర్ హూ' ఎపిసోడ్లు 90కి పైగా పోగొట్టుకుంది. ఆ తర్వాత కొన్ని ఎపిసోడ్లు ఇతర దేశాల టీవీ స్టేషన్లలో, అభిమానుల దగ్గర దొరికాయి. మిగిలిన టేపులకు తేమే పెద్ద శత్రువు. బూజు పడుతుంది, టేపు జిగురుగా మారుతుంది. పైగా వీసీఆర్ తయారుచేసే చివరి పెద్ద కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్ కూడా 2016లో ఉత్పత్తి ఆపేసింది. మెషిన్ దొరక్కపోతే మంచి టేపున్నా చూడలేం.

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

దూరదర్శన్, ఆకాశవాణి పాత రికార్డింగులను ప్రసార భారతి డిజిటల్‌లోకి మారుస్తోంది. వాటిలో కొన్ని ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ ఛానల్‌లో ఉన్నాయి. 2024 నవంబర్‌లో వచ్చిన 'వేవ్స్' యాప్‌లోనూ పాత దూరదర్శన్ షోలు చూడొచ్చు.

మీరు ఏం చేయాలంటే..

* టీవీ ప్రోగ్రామ్‌ను సొంతంగా చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదు. అనుమతి లేకుండా అప్‌లోడ్ చేస్తేనే చిక్కు.
* బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో వేయొద్దు. హెడ్ పాడవుతుంది, బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. ముందు క్లీన్ చేయించాలి.
* క్యాసెట్లను నిలువుగా, తేమ లేని చోట, స్పీకర్లకు దూరంగా పెట్టాలి.
* డిజిటల్‌లోకి మార్పించి, రెండు కాపీలు రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. కాపీ తీశాక అసలు టేపును పారేయొద్దు.
* అరుదైనదైతే ఛానల్‌కో, నిర్మాతకో చెప్పాలి. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చినా మంచిదే. తన దగ్గరున్న కాపీని భద్రపరచడం కోసం డిజిటల్‌గా దాచుకునే వెసులుబాటు 2012 సవరణతో లైబ్రరీలకు వచ్చింది.

హక్కు 60 ఏళ్లు ఉంటుంది కానీ, ఉప్పుగాలిలో టేపు అన్నేళ్లు ఉండదు. ఎవరి హక్కో తేలేలోపే బొమ్మ పోతే ఇక ఎవరూ చూడలేరు. అందుకే ముందు కాపీ తీయించండి, అనుమతుల సంగతి తర్వాత.