విజార్డ్రీ నేలమాళిగలో దగ్గరిదారి

1981లో ఆపిల్ 2 కంప్యూటరుకై, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున చదివిన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రచించిన విజార్డ్రీ అను క్రీడలో, నిలువునకు 20, అడ్డమునకు 20 గళ్ళు గల అంతస్తులు పది కలవు. అట్టడుగున నున్న మాంత్రికుడు వెర్డ్నాను వధించి, అతడు అపహరించిన రక్షను కోటకు చేర్చుటయే ఆటగాని కర్తవ్యము. ఆనాటివారు గళ్ళకాగితముపై ఒక్కొక్క గోడను, ఒక్కొక్క తలుపును పెన్సిలుతో గుర్తించుకొనుచు, అడుగడుగున మృత్యుభయముతో, వారములకొలది దిగిరి.

తరువాత గడియారముతో పందెము వేసికొని ఆటను ముగించు స్పీడ్‌రన్నరులు ఆ పటములనే వేరొక దృష్టితో పరిశీలించిరి. మొదటి అంతస్తునుండి నాల్గవదానికి లిఫ్టు. అచటి కాపలాదారులను గెలిచి నీలి రిబ్బను పొందినచో, తొమ్మిదవదాని వరకు దింపు మరియొక లిఫ్టు. పిమ్మట పదవదానికి జారుడుబిలము. ఐదునుండి ఎనిమిదివరకు గల నాలుగంతస్తులను కన్నెత్తి చూడవలసిన పనియే లేదు! కోరిన గడికి క్షణములో చేర్చు మాలోర్ మంత్రము పట్టుబడినచో దారి ఇంకను తగ్గును గాని, గళ్ళ లెక్క తప్పి శిలాగర్భమున తేలినచో బృందమంతయు నశించును. ఇట్లు అంతస్తులను దాటిపోవుటను, ఆటను ఎగవేయుట యనువారు కలరు. నాకు మాత్రము, నిర్మాతలు విడిచిన ద్వారములను ఇంత శ్రద్ధతో చదివినవారు వేరొకరు లేరనిపించును. అయినను వెర్డ్నాను ఎదిరించు బలమును ఏ లిఫ్టును ఈయజాలదు. అందుకై మొదటి అంతస్తులోని మర్ఫీ ప్రేతముతో పదేపదే పోరి అనుభవమును కూడబెట్టుట పాత ఆటగాండ్రు కనుగొన్న ఉపాయమే.