నడిస్తే చాలు నుంచి నంబర్లు కలవాలి దాకా

పాత కారు కొనబోయే మనిషి అడిగే మొదటి ప్రశ్న కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1950లలో ‘నడుస్తుందా?’ అని అడిగేవారు. పాత కార్ల ర్యాలీలు బలపడ్డాక ‘రంగు వేయిస్తే మెరుస్తుందా?’ అన్నారు. ఇవాళ ‘ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలుస్తుందా?’ అంటున్నారు. మన దేశంలో పాత కార్ల వేట ఎలా సాగిందో ఈ మూడు ప్రశ్నలే చెబుతాయి.

స్వాతంత్ర్యానికి ముందు ఖరీదైన కారు సంస్థానాధీశుల సొత్తు. ఛాసిస్ ఒక కంపెనీది, దానిమీద బాడీ కట్టేది మరొక సంస్థ. హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అలాగే రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిచ్చారు. లండన్‌లోని బార్కర్ సంస్థ దానికి పసుపు రంగు బాడీ కట్టి, వెనక సింహాసనం లాంటి ఆసనం అమర్చింది. 1911లో ఆయన మరణించడంతో కారు ఏడో నిజాం చేతికి వచ్చింది. వేడుకలకే బయటికి తీయడం వల్ల అది తిరిగిన దూరం చాలా తక్కువ. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని చూడవచ్చు.

మధ్యతరగతి పైమెట్టు వాళ్లకు ఫోర్డు, షెవర్లే ఉండేవి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. 1950ల మొదట్లో ప్రభుత్వం విధానం మార్చింది. విడిభాగాలు తెచ్చి బిగించడం చాలదు, ఇక్కడే తయారు చేయాలంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ తప్పుకున్నాయి. మిగిలినవి ప్రధానంగా ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలోని ప్రీమియర్, మద్రాసులోని స్టాండర్డ్. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. విదేశీ కార్ల దిగుమతి దాదాపు ఆగిపోయింది. రాయబార కార్యాలయాలు వాడి వదిలేసిన ఇంపాలా లాంటి కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మితే, డబ్బున్నవాళ్లు ఎగబడి కొన్నారు.

దీనివల్ల పాత కారుకు మేలూ జరిగింది, కీడూ జరిగింది. అమెరికాలో అయితే తుక్కుకు పోయే కారును ఇక్కడ మూడు తరాలు నడిపించారు. కానీ విడిభాగాలు దొరకవు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టింకరింగ్ మేస్త్రీలు రేకు కొట్టి మడ్‌గార్డు చేశారు, లేత్ మీద బుష్షులు తీశారు. పెట్రోలు ధర పెరిగాక పెద్ద అమెరికన్ కార్ల ఇంజిన్లు దించి డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. అవసరం కొద్దీ కారు బతికింది. ఆ బతకడంలోనే దాని అసలు రూపం పోయింది.

పాత కారును వస్తువుగా కాక చరిత్రగా చూడటం ఇంగ్లండులో ముందే మొదలైంది. 1896లో లండన్ నుంచి బ్రైటన్‌కు జరిగిన మోటారు యాత్రను 1927లో పాత కార్లతో మళ్లీ జరిపారు. ఆ ఊపులో 1930లో వెటరన్ కార్ క్లబ్ పుట్టింది. మన దగ్గర స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. షెడ్డులో పడి ఉన్న కారును బయటికి తీయడానికి అలా ఒక కారణం దొరికింది.

అప్పటికే విదేశీ కొనుగోలుదార్ల కన్ను మన కోటల మీద పడింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాక అమ్మకాలు ఇంకా పెరిగాయి. రాజ్‌కోట్ సంస్థానం 1934లో తెప్పించిన ‘స్టార్ ఆఫ్ ఇండియా’ రోల్స్ రాయిస్ 1960లలోనే దేశం దాటింది. 2010లో మొనాకో వేలంలో ఆ కుటుంబమే దాన్ని తిరిగి కొనుక్కుంది. 1910లో కలకత్తా వీధుల్లో తిరిగిన హంస ఆకారపు బ్రూక్ కారు మాత్రం నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉండిపోయింది. తర్వాత ప్రభుత్వం ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది. దేశంలోనే సేకర్తలు తయారయ్యారు. ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన కార్లతో అహ్మదాబాద్ దగ్గర కఠ్వాడాలో ఒక మ్యూజియమే వెలిసింది. ఆ కాలంలో పునరుద్ధరణ అంటే ఎక్కువగా నిగనిగలాడే రంగు, కొత్త క్రోమ్, కొత్త తోలు సీట్లు. అసలు రంగు ఏమిటో చూసుకున్నవాళ్లు తక్కువ.

ఈ రుచి మళ్లీ మారింది. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పోటీల్లో 2001 నుంచి పునరుద్ధరణ చేయకుండా ఉన్నది ఉన్నట్టు నిలిపిన కార్లకు వేరే విభాగం పెట్టారు. 2015లో పారిస్‌లో బయ్యోన్ కుటుంబపు కార్లను దుమ్ముతోనే వేలానికి పెట్టారు. దశాబ్దాలుగా పాత కాగితాల కట్టల కింద పడి ఉన్న ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. పోయిన రంగును మళ్లీ వేయొచ్చు, ఫ్యాక్టరీ వేసిన రంగును మళ్లీ పుట్టించలేమని కొనేవాళ్లు గ్రహించారు.

మన దగ్గర ఈ లెక్క మధ్యతరగతి కార్లకూ వచ్చింది. అంబాసిడర్, పద్మినీలలో బాడీయే ఛాసిస్. అందుకే మెరిసే రంగు చూసి మోసపోకుండా కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడాలి, డోర్ల కింది అంచును అయస్కాంతంతో తడమాలి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే. సముద్రపు గాలి తిన్న విశాఖ బండికీ పొడి గాలిలో నిలిచిన అనంతపురం బండికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంది కాబట్టి బాడీ విప్పి బాగుచేయడం కొంత తేలిక. కానీ మన దేశంలో మాత్రమే తయారైన దాని నాలుగు డోర్ల మోడల్‌కు విదేశాల నుంచి డోర్లు తెప్పించుకోలేం. లేని భాగాల జాబితా రాసుకోకుండా విప్పి పడేసిన కారు కొంటే, పని మధ్యలో ఆగిపోతుంది.

2021 జులైలో కేంద్రం ఈ అభిరుచికి చట్టరూపం ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ వాడకానికి వీల్లేదు. షరతు ఒకటుంది: ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు. విడిభాగాలు దొరకని కాలంలో మేస్త్రీలు బతికించిన కార్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. నా దృష్టిలో డీజిల్ ఇంజిన్ ఎక్కిన ఇంపాలా కూడా ఒక చారిత్రక పత్రమే, కొరత కాలం మనవాళ్ల చేత ఏం చేయించిందో చెప్పే పత్రం. అయితే కొనేవాడు తాను ఏ చరిత్రకు డబ్బు పెడుతున్నాడో ముందే తేల్చుకోవాలి.

పదిహేనేళ్లు దాటి యాభై నిండని బండ్లది మరో ఇబ్బంది. 2022 ఏప్రిల్‌లో కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. దేశ రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి మీద కోర్టు ఆంక్షలు చూశాం. కాంటెస్సాలు, తొలినాళ్ల మారుతీ 800లు ఈ ఇరుకులోనే ఉన్నాయి. మొదటి మారుతీ 800కు 2033 డిసెంబరులో యాభై నిండుతాయి. దాన్ని కంపెనీ బాగుచేయించి తన కార్యాలయంలో పెట్టుకుంది. మిగతావాటి అదృష్టం ఇప్పటి యజమానుల చేతిలో ఉంది. బిల్లు, సర్వీసు పుస్తకం, ఆర్‌సీ దాచి, ఇంజిన్ మార్చకుండా నిలిపినవాళ్ల బండ్లే రేపటి కొనుగోలుదారుకు పనికొస్తాయి.