హుగ్లీ నదీయాత్ర - ఆంధ్రతీర చరిత్ర

కోల్‌కతా నగరమున నివసించు తెలుగువారికి హుగ్లీనది నిత్యపరిచితము. సకుటుంబముగా ఆ నదిపై యాత్ర తలపెట్టువారు మజిలీలను నిర్ణయించుకొనుటకు పూర్వము ఒక్క విషయము గమనింపవలెను. ఈ తీరమున నడచినది వంగదేశ చరిత్ర మాత్రమే కాదు. ఆంధ్రతీరముయొక్క భాగధేయము సైతము కొంతవరకు ఇచ్చటనే నిర్ణయమైనది.

యాత్రకు ప్రథమనియమము పోటుపాటుల వేళ నెరుగుట. సముద్రపుపోటు ఈ నదిలో హుగ్లీ పట్టణమును దాటి పైకి ప్రాకును. పోటుతో ఎగువకు సాగి, పాటుతో మరలివచ్చుట పూర్వపు నావికుల పద్ధతి. ఐరోపా వర్తకులు ఇంత లోపలికి వచ్చి స్థావరములు నెలకొల్పుటకు ఈ పోటు మిక్కిలి తోడ్పడినది.

మొదటి మజిలీ శ్రీరామపురము. 1755 నుండి 1845 వరకు అది డేనిష్‌వారి పట్టణము. 1800లో విలియం కేరీ అచ్చట చేరి, సహచరులతో ముద్రాలయమును నడపెను. 1812 మార్చిలో అగ్నిప్రమాదమున వ్రాతప్రతులును, పెక్కుభాషల అచ్చక్షరములును దగ్ధమయ్యెను. అయినను 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణము అచ్చటనే ముద్రితమయ్యెను. మదరాసున కాంబెల్ వ్యాకరణము వెలువడినది అటుపిమ్మట రెండేండ్లకు. తెలుగు క్రొత్తనిబంధన 1818లో శ్రీరామపురముననే అచ్చుపడినది.

తరువాతిది చందన్‌నగరు. ఫ్రెంచివారి ఈ స్థావరమును క్లైవు, వాట్సనులు 1757 మార్చి 23న పట్టుకొనిరి. సరిగా మూడుమాసములకు ప్లాసీ యుద్ధము జరిగెను. పిదప ఈ పట్టణము మరల ఫ్రెంచివారికి దక్కి, 1950 వరకు వారి పాలనయందే యుండి, 1954లో పశ్చిమ వంగరాష్ట్రమున విలీనమయ్యెను. దాని తోబుట్టువువంటి మన యానాము మాత్రము నేటికిని పుదుచ్చేరిలో భాగము.

మూడవ మజిలీ చిన్సురా. భీమునిపట్టణమువలె డచ్చివారి స్థావరము. ఇచ్చట స్మరింపదగినవాడు కర్నల్ ఫోర్డు. 1758లో విజయనగర ప్రభువగు ఆనందగజపతి కోరికపై క్లైవు అతనిని సుమారు 500 మంది ఐరోపా సైనికులతోను, 2000 మంది సిపాయిలతోను వంగదేశమునుండి విశాఖపట్టణమునకు ఓడలపై పంపెను. ఫోర్డు డిసెంబరు మాసమున చందుర్తికడ ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్ 8న బందరు కోటను సాధించెను. పిమ్మట వంగదేశమునకు మరలివచ్చి, అదే సంవత్సరము నవంబరు 25న చిన్సురా సమీపమునగల బెదరావద్ద డచ్చివారిని ఓడించెను. ఒకే సంవత్సరమున ఒకే సేనాని గోదావరీ, గంగాతీరముల రెంటను కంపెనీకి ప్రత్యర్థులు లేకుండ జేసెను. 1765 ఆగస్టు 12న షాఆలము వంగదేశపు దివానీతోపాటు ఉత్తర సర్కారులను గూర్చియు కంపెనీకి ఫర్మానా నొసగుట ఈ కథకు ముగింపు.

చిన్సురావరకు ఒక్కదినము చాలును. ప్లాసీ, ముర్షిదాబాదులను గూడ చూడనెంచువారికి మరికొన్ని దినములు కావలెను. వేసవిలో నీరు సన్నగిల్లెడి ఆ పైభాగమునకు 1975లో ఫరక్కా ఆనకట్ట గంగాజలమును మరల్చినది.

ఉద్యోగధర్మమున ఈ నగరము చేరిన తెలుగు కుటుంబములలోని బాలబాలికలకు ఈ తీరము పరాయిది కాదు. ఇచ్చటి నుండి కత్తియు మన సీమకు వచ్చినది. మన అక్షరమును ఇచ్చట అచ్చుకెక్కినది. ఈ రెండును తెలిసి పయనించిననాడే నదీయాత్ర సార్థకము.