ఆయా పేరు

మా ఊరి బడిలో ఒక ఆయా ఉండేది. గంట కొట్టడం, కుండలలో నీళ్ళు నింపడం, ఏడ్చే పసివాళ్ళను సముదాయించడం ఆమె పనులు. ఐదేళ్ళపాటు ఆమె చేతి నీళ్ళు తాగాను. ఆమె పేరేమిటని ఒక్కనాడూ అడగలేదు. లండనులోని ఒక ఇంటి చరిత్ర చదువుతూంటే ఈ సంగతి గుర్తుకువచ్చి సిగ్గనిపించింది.

తూర్పు లండనులో హ్యాక్నీ అనే పేట ఉంది. అక్కడ కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులోని 26వ నంబరు ఇల్లు ఒకప్పుడు ఆయాల వసతిగృహం. అంతకుముందు ఆల్డ్‌గేట్ దగ్గర జ్యూరీ వీధిలో ఉన్న ఈ ఆశ్రయాన్ని లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1900లో ఇక్కడికి తెచ్చింది. 1921లో అది అదే రోడ్డులోని 4వ నంబరుకు మారింది.

ఈ ఆశ్రయం అవసరం ఎందుకు కలిగింది? మన దేశం నుండి స్వదేశానికి ఓడలో బయలుదేరే దొరసానులు దారిలో పిల్లలను చూసుకోవడానికి ఆయాలను వెంట తీసుకువెళ్ళేవారు. ఓడ రేవు చేరగానే ఆ పని తీరిపోయేది. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు ఇచ్చేవారు కొందరైతే, నడివీధిలో వదిలేసినవారు మరికొందరు. టిక్కెట్టు ఉన్న ఆయా విషయంలో వసతిగృహానిది చక్కటి ఏర్పాటు. భారతదేశానికి ప్రయాణమవుతూ ఆయా కావలసిన కుటుంబానికి ఆ టిక్కెట్టును అమ్మేవారు. ఆ సొమ్ముతో, ఓడ ఎక్కేదాకా ఆమెకు తిండీ బసా జరిగేవి.

ఇన్ని ఓడలెక్కిన స్త్రీలు చరిత్రలో కనబడకపోవడానికి కారణం కాగితాల్లోనే ఉంది. ప్రయాణికుల జాబితాలలో చాలాచోట్ల ఆయాకు సొంత పేరు లేదు. ఫలానా దొరసాని గారి ఆయా, అంతే. యజమాని ఇంటిపేరే ఆమెకూ తగిలించారు. రోజీనా విశ్రామ్ 1986లో వెలువరించిన గ్రంథం ఈ ఆయాలను, ఓడ కూలీలైన లస్కర్లను చరిత్రకారుల దృష్టికి తెచ్చింది.

మనిషి పేరు దొరకనప్పుడు చోటును పట్టుకోవడం స్థానిక చరిత్రలోని కిటుకు. ఇంటి నంబరు తెలిస్తే జనాభా లెక్కల్లో ఆ ఇంటి పుట తెరవవచ్చు. ఆ రాత్రి అక్కడ పడుకున్నవారి వయస్సు, వృత్తి, పుట్టిన ఊరు ఒక్కొక్కటే బయటపడతాయి. ఇంగ్లండు, వేల్సుల 1921 నాటి లెక్కలు వందేళ్ళ గడువు తీరి 2022 జనవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. హ్యాక్నీలోనే నివసించే ఒక యువతి, టీవీలో ఈ ఇంటి ప్రస్తావన విని, తన పేటలోనే ఉన్న దానికి ఏ గుర్తూ లేదని బాధపడి, పట్టుదలతో సమాచారం కూడగట్టింది. ఫలితంగా 2022 జూన్‌లో ఆ గోడమీద నీలిరంగు స్మారక ఫలకం వెలిసింది.

ఆయాలందరూ దిక్కులేనివారే అనుకోవడం కూడా పొరపాటే. మిసెస్ ఆంటొనీ పరేరా అనే ఆయా 54 సార్లు సముద్రయానం చేసిందని 1922లో ఒక పత్రిక రాసింది. అన్నిసార్లు నల్లసముద్రాలు దాటిన దొరలు ఎందరుంటారు? ఆమెది దైన్యం కాదు, ఆరితేరిన వృత్తి.

ఆయాలలో మద్రాసు నుండి వెళ్ళినవారూ ఉన్నారు. అప్పటి మద్రాసు రాజధాని గంజాం మొదలు తిన్నెవేలి దాకా. జన్మస్థలం దగ్గర మద్రాసు అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఆమె పసివాడికి ఏ భాషలో జోల పాడిందో ఆ కాగితం చెప్పదు. పుటలు తిరగేసేవారిలో మన ప్రాంతపు ఊళ్ళ పేర్లు ఎరిగినవారు కూడా ఉంటే, వంకర స్పెల్లింగుల చాటున ఉన్న ఊరిని పోల్చుకోగలరు.

అంత దూరం పోవడం ఎందుకు? మా బడిలో జీతాల రిజిస్టరు ఉండేది. నెలనెలా ఆయా అందులో వేలిముద్ర వేయడం నేను చూశాను. వేలిముద్ర పక్కన పేరు రాయక తప్పదు కదా. వచ్చే సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఆ పాత పుస్తకం చూపించమని అడగదలిచాను.