కంటికి కనిపించని బరువు

స్కాట్లండులో డండీ నగరం చెంత టే నదీముఖంపై 1878లో ఒక రైలు వంతెన ప్రారంభమైంది. సుమారు రెండు మైళ్ల పొడవు గల ఆ వంతెనను థామస్ బౌచ్ రూపొందించారు. ప్రారంభానికి ముందు ఆరు రైలు ఇంజన్లను ఒకదానికొకటి తగిలించి దానిపై నడిపించి పరీక్షించారు. వంతెన పెద్దగా చలించలేదు. మరుసటి ఏడాది బౌచ్‌కు 'సర్' బిరుదు లభించింది.

ఆ 1879లోనే డిసెంబరు 28 రాత్రి పెనుగాలి వీచింది. వంతెన నడుమనున్న పదమూడు ఎత్తైన దూలాల భాగం, దానిపై సాగుతున్న రైలుతో సహా నదిలో కూలిపోయింది. రైలులోని వారిలో ఒక్కరూ బ్రతకలేదు.

ఏ కట్టడమైనా మూడు విధాల భారాలను మోయవలసి ఉంటుంది. మొదటిది తన సొంత బరువు. రెండవది తనపై సంచరించే వాటి బరువు. మూడవది గాలి, నీరు, భూకంపం వంటి ప్రకృతి శక్తుల తాకిడి. ఆరు ఇంజన్లతో పరీక్షించినది పైనుండి క్రిందికి పడే బరువును మాత్రమే. ప్రక్కనుండి త్రోసే గాలికి బౌచ్ తన లెక్కలలో ప్రత్యేకమైన చోటు కల్పించలేదు. పోత ఇనుప స్తంభాలను బిగించిన అడ్డుకట్లు బలహీనమైనవని విచారణలో తేలింది. రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ మూడింటిలోనూ లోపమున్నదని నిర్ణయమైంది. 1880లో బౌచ్ మరణించారు.

ఫోర్త్ నదీముఖంపై ఆయన తలపెట్టిన మరో వంతెన పథకాన్ని విరమించారు. ఆ బాధ్యత జాన్ ఫౌలర్, బెంజమిన్ బేకర్‌లకు దక్కింది. చదరపు అడుగుకు 56 పౌనుల గాలి ఒత్తిడిని తట్టుకొనేలా వారు ఉక్కు వంతెనను రూపొందించారు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన మనిషిని గాలి సులభంగా పడద్రోయలేదు. అదే రీతిలో గోపురాల కాళ్లను పైన 33 అడుగుల ఎడంతోను, అడుగున 120 అడుగుల ఎడంతోను నిలిపారు.

భారం ఎలా ప్రయాణిస్తుందో ప్రజలకు తెలియజెప్పడానికి బేకర్ మనుషులనే వంతెనగా కూర్చారు. కుర్చీలలో కూర్చున్న ఇద్దరు చేతులు చాచి కర్రలను పట్టుకోగా, వారి నడుమ ఊయల పీటపై వతనబె కైచి అనే జపాను ఇంజనీరు కూర్చున్నారు. ఆయన బరువుకు చేతులు లాగబడ్డాయి, కర్రలు అదుమబడ్డాయి. వెలుపలి ప్రక్క కట్టిన ఇటుకల బరువు తూకాన్ని నిలిపింది.

1890 మార్చి 4న ప్రారంభమైన ఫోర్త్ వంతెనపై నేటికీ రైళ్లు నడుస్తున్నాయి. టే నదిపై 1887లో కట్టిన కొత్త వంతెన ప్రక్కన పాత స్తంభాల మొదళ్లు ఇప్పటికీ నీటిపైకి కనిపిస్తూనే ఉన్నాయి.