పోజ్జో ఇంట్లో విజయనగరం

ఇండియా నుంచి ఇంటికి తిరిగి వస్తూ, ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టు పొలిమేరకు వచ్చేసరికి నికోలో దె కోంటికి దారి మూసుకుపోయింది. మతం వదులుకుంటేనే ముందుకు అడుగు. వెనకాల భార్య ఉంది, పిల్లలున్నారు. తన ప్రాణానికి వెరవలేదు కానీ వాళ్ల ముఖాలు చూసి లొంగిపోయాడు. పుట్టి పెరిగిన క్రైస్తవాన్ని కాదన్నాడు.

అంత చేసినా వాళ్లను దక్కించుకోలేకపోయాడు. ఈజిప్టులోనే ప్లేగు సోకి భార్య పోయింది, ఇద్దరు పిల్లలు పోయారు. మిగిలినవాళ్లతో, ఇల్లు విడిచిన పాతికేళ్ల తరవాత, ఆ వెనిస్ వర్తకుడు ఇటలీలో కాలుపెట్టాడు.

1440 ప్రాంతం. పోప్ నాలుగో యుజీనియస్ అప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్నాడు. చేసిన తప్పు మన్నించమని అడగడానికి కోంటి అక్కడికి వెళ్లాడు. పోప్ కార్యదర్శుల్లో ఒకడైన పోజ్జో బ్రాచ్చోలినీ చెవిన ఆ సంగతి పడింది.

పోజ్జోకి అప్పటికి అరవై ఏళ్లు. పాత పుస్తకమంటే ప్రాణం పెట్టే మనిషి. మఠాల్లో దుమ్ముకొట్టుకుపోతున్న గ్రంథాలను వెతికి వెలికితీయడమే జీవితంగా బతికాడు. 1416లో రోమన్ రచయిత క్వింటిలియన్‌ని, 1417లో రోమన్ కవి లుక్రీషియస్‌ని లోకానికి తిరిగి ఇచ్చింది ఆయనే. ఆ కాలపు పండితుల చేతుల్లో మరో పాత నిధి కూడా ఉంది. అలెగ్జాండ్రియాలో రెండో శతాబ్దంలో టాలెమీ గ్రీకులో రాసిన భూగోళం, యాకోపో ఆంజెలి చేతిలో 1410 నాటికి లాటిన్ అయింది. దాదాపు 8,000 ఊళ్లూ నదులూ కొండలూ, అక్షాంశ రేఖాంశాలతో సహా! కానీ అందులో హిందూ మహాసముద్రం చుట్టూ నేలే. గట్టు కట్టిన చెరువులా ఉంటుంది. అది నిజమో కాదో ఎవరు చెప్పాలి? అటువైపు వెళ్లి వచ్చినవాడే చెప్పాలి.

పోప్ ప్రాయశ్చిత్తంగా కోంటిని తన ప్రయాణాల కథంతా చెప్పమని ఆజ్ఞాపించాడని తరవాతివాళ్లు రాశారు. పోజ్జో రాసిన దాంట్లో అలా లేదు. తానే పట్టుబట్టి కోంటిని పండితుల సభల్లోనూ, తన ఇంట్లోనూ గుచ్చి గుచ్చి అడిగానన్నాడు. నాకు పోజ్జో మాటే నమ్మాలనిపిస్తుంది. ఎదురుగా మనిషే పుస్తకమై వచ్చి కూర్చుంటే ఆయన ఊరుకునే రకమా?

కోంటి చెప్పడం మొదలుపెట్టాడు. డమాస్కస్‌లో అరబ్బీ నేర్చుకుని, ఆరువందల మంది వర్తకుల బిడారుతో బయల్దేరాడు. బాగ్దాద్, బస్రా, హోర్ముజ్ దాటి, పారశీకం నేర్చి, ఆ దేశపు దుస్తులే తొడుక్కుని గుజరాత్‌లోని ఖంబాత్ రేవుకు ఓడలో చేరాడు. అక్కణ్ణుంచి తీరం వెంట దక్షిణానికి వచ్చి, లోపలికి మూడువందల మైళ్లు. నిటారు కొండల నడుమ ఒక మహానగరం. పోజ్జో కలం దాన్ని బిజెనెగాలియా అని రాసుకుంది. అదే మన విజయనగరం. చుట్టుకొలత అరవై మైళ్లు, ఆయుధం పట్టగలవాళ్లు తొంభై వేల మంది.

అంకెల సంగతి అలా ఉంచండి, పండుగలు వినండి. గుళ్లలోపలా, కప్పుల మీదా లెక్కలేనన్ని దీపాలు. వాటిలో నువ్వుల నూనె. పగలూ రాత్రీ ఆరకుండా వెలుగుతాయి. మరో పండుగకు మూడు రోజులపాటు దారి పక్కన కుంకుమపువ్వు నీళ్లు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ల మీద చల్లుతారు. రాజు వచ్చినా, రాణి వచ్చినా వదలరు. అందరూ నవ్వుతూ తడుస్తారు. ఫ్లోరెన్స్ పండితుడికి అది వింత. మనకు వసంతాలాట.

పుస్తకాల సంగతి కూడా ఉంది. ఖంబాత్‌లో తప్ప ఇండియాలో ఎవరూ కాగితం వాడరని, చెట్ల ఆకుల మీద రాస్తారని చెప్పాడు. పొరపాట్లూ దొర్లాయి. వాళ్ల రాత పైనుంచి కిందికి సాగుతుందని పోజ్జో రాశాడు. పాతవాళ్లు లంకను పిలిచిన తాప్రొబేన్ అన్న పేరు సుమత్రాకి అంటుకుంది. అయినా, ఇండియా గురించి ప్రాచీనులు రాసినవాటిలో కొన్ని నిజం కంటే కట్టుకథలకే దగ్గరగా ఉన్నాయని తేల్చి చెప్పే ధైర్యం పోజ్జోకి ఈ వర్తకుడి వల్లే వచ్చింది. ప్రాచీనుల మీద అంత భక్తి ఉన్నవాడు ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఈ ముచ్చట్లన్నీ ఆయన లాటిన్ గ్రంథం నాలుగో సంపుటంలో చేరాయి. 1450ల్లో వెనిస్ సన్యాసి ఫ్రా మౌరో గీసిన ప్రపంచ పటంలో హిందూ మహాసముద్రం గట్టు తెగింది. తాప్రొబేన్ పేరు మాత్రం, కోంటి చెప్పినట్టే, సుమత్రా మీదే నిలిచింది. 1492లో మిలాన్‌లో పోజ్జో రాసిన ఆ నాలుగో సంపుటం విడిగా అచ్చయింది. దాని పేరుకు అర్థం, తిరిగి గుర్తుపట్టిన ఇండియా. విజయనగరాన్ని చూసిన విదేశీయుల్లో, రాత మిగిలినవాళ్లలో కోంటే మొదటివాడు.

ఆ నగరం గోడలు కొండల మీదికి ఎక్కి, లోయలను ఒడిలో పెట్టుకున్నాయని కోంటి చెప్పాడు. ఈసారి ఆ నగర శిథిలాలున్న హంపీ వెళ్తే ఒక్క విరూపాక్ష దర్శనంతో తిరిగి రాకండి. పొద్దున్నే మాతంగ పర్వతం ఎక్కి చుట్టూ చూడండి. రాళ్ల నడుమ ఆ గోడలు ఇంకా ఉన్నాయి.